అర్ధరాత్రి తెరవవలసిన తలుపు

పల్లెటూరిలో అర్ధరాత్రివేళ ఒకనికి గుండెలో నొప్పి పుట్టినచో ఏమి చేయవలెనో నేడు అక్షరము రాని ముసలమ్మకు సైతము తెలియును. 108కి ఫోను చేయింతురు. వాకిట దీపము వేయుదురు. వీధి మొగను ఒక కుర్రవానిని నిలిపి బండికి ఇల్లు చూపింతురు. పాము కరచినను, పురిటినొప్పులు వచ్చినను, మోటారు సైకిలు మీదనుండి పడి తల పగిలినను ఇదియే దారి. 2005వ సంవత్సరమున మన తెలుగునేలపై పుట్టిన ఆ అంబులెన్సు సేవ ఇరువదియేండ్లలో జనుల నోళ్ళలో ఎంతగా నాటుకొనినదనగా, అందరును దానిని ఆ అంకెతోడనే పిలుచుచున్నారు. కాని అదే ఇంటిలో, అదే అర్ధరాత్రి, ఒకని మనస్సు అదుపు తప్పినచో, లేనివారి గొంతులు వానికి వినబడుచున్నచో, ఇక బ్రదుకుట వలదను తలంపు వానిని ఆవహించినచో, ఆ యింటివారు మొట్టమొదట చేయు పని వాకిటి దీపము ఆర్పుట. తరువాత తలుపులు మూయుదురు. ఇందుకు కారణము సిగ్గు మాత్రమే యని మనము చెప్పుకొనుచు వచ్చితిమి. అది సగము నిజము. తక్కిన సగము, ఆ వేళ ఆ రోగిని తీసికొని పోవుటకు తెరచియున్న తలుపు ఏదో ఆ యింటివారికి తెలియకపోవుట. ఈ రెండవ సగమును గూర్చియే నేను వ్రాయదలచితిని.

కొన్నేండ్ల క్రిందట కృష్ణాతీరముననున్న ఒక యూరిలో, మా మేనత్తగారి ఇంట, అట్టి రాత్రి నొకదానిని నేను దగ్గరనుండి చూచితిని. ఆమె చిన్నకుమారునకు అప్పటికి ఇరువదియారేండ్లు; ఐ.టి.ఐ. చదివి, మోటార్లకు తీగ చుట్టు పని నేర్చిన నెమ్మదియైన యువకుడు. మూడు రాత్రులుగా అతనికి కంటిమీద కునుకు లేదు, అన్నము ముట్టలేదు. పెరటిగోడకు చెవి యొగ్గి నిలుచుండి, నన్ను చూచినంతనే నా చేయి గట్టిగా పట్టుకొని, “గోడ అవతల నా గురించే మాట్లాడుకుంటున్నారు బావా, మీకు వినబడటం లేదూ?” అని అడిగెను. ఆ చేయి మంచువలె చల్లగా నుండెను. ఆ కన్నులలో కోపము లేదు, భయము మాత్రమే కలదు.

ఫోను చేసిన కొంతసేపటికి ఒక అంబులెన్సు వచ్చినది. అందులోని సహాయకుడు మంచివాడే, గుమ్మములో నిలిచి, “కొడతాడా అండీ? పోలీసులు తోడుంటే తప్ప ఎక్కించుకోలేమండీ” అని చెప్పి, చేతులు జోడించి వెనుదిరిగెను. స్టేషనులో రాత్రి డ్యూటీలోనున్న కానిస్టేబులును మంచివాడే, కుర్చీ చూపి కూర్చుండబెట్టి, “నేరం ఏమీ చేయలేదు కదండీ, మేమేం రాసుకోవాలి? తెల్లారేక ఎస్సైగారు వస్తారు, అప్పుడు రండి” అనెను. చివరకు పొరుగువారి కారు దొరకినది. అతనిని బలిమిని పట్టి కూర్చుండబెట్టవలసివచ్చినప్పుడు ఎవరో కొబ్బరితాడు తెచ్చిరి. మా అత్త ఆ తాడు లాగికొని దూరముగా పారవైచి, లోనికి పోయి, ఉతికి ఉతికి మెత్తబడిన తన నూలుచీర నొకదానిని తెచ్చి, పండ్లతో అంచు కొరికి నిలువుగా చింపి, “తాడయితే చేతులు ఒరుసుకుంటాయి నాన్నా” అనుచు కుమారుని మణికట్లను తానే కట్టెను. ఆ చీర చిరిగిన చప్పుడు నాకు నేటికిని వినబడుచున్నది.

పట్టణపు ఆసుపత్రి అత్యవసర విభాగములో డ్యూటీడాక్టరు, మీసమైనను సరిగా రాని కుర్రవాడు, రోగి వంక కాక మా వంక చూచి, “సైకియాట్రిస్టుగారు మంగళవారం, శుక్రవారం వస్తారండీ” అని చెప్పెను. అది శనివారము రాత్రి. ఒక ప్రైవేటు ఆసుపత్రివారు మెంటలు కేసులు చేర్చుకొనమనిరి, మరియొకరు ఐ.సి.యు.లో నుంచెదమని చెప్పి, ముందుగా కట్టుడని అడిగిన మొత్తము ఆ యింటికి ఒక కారు పంటమీద వచ్చు రాబడికి మించియుండెను. అక్కడనుండి నగరమునకు మూడు గంటల ప్రయాణము. తెల్లవారుచుండగా అక్కడి ఒక పెద్దాసుపత్రిలో నిద్రకు సూది వేసి చేర్చుకొనిరి. మూడు వారములకు అతడు తన కాళ్ళతో నడచి ఇంటికి వచ్చెను. నేడు మందులు తప్పక వేసికొనుచు, ఊరిలోనే మోటారు రివైండింగు దుకాణము నడుపుకొనుచున్నాడు. ఏడాది గడచిన తరువాత ఒక సాయంకాలము ఆ దుకాణములో కూర్చుండి, రాగితీగ చుట్టుట ఆపకయే అతడు నాతో అనిన మాట ఇది: “ఆ రాత్రి అందరూ మిమ్మల్నే అడిగారు బావా. ఎన్నాళ్ళ నుంచి, కొడతాడా, పారిపోతాడా అని. నీ పేరేంటబ్బాయ్ అని నన్నొక్కరూ అడగలేదు.”

ఆ రాత్రి మాకు ఎదురైన వారిలో క్రూరుడు ఒక్కడును లేడు. నేను ఎవరినిని నిందింపను. వారిలో ప్రతియొక్కరును ఇది తమ పని కాదని మనఃపూర్వకముగా నమ్మినవారే. అంబులెన్సువాడు పోలీసు పని యనుకొనెను. పోలీసు ఆసుపత్రి పని యనుకొనెను. ఆసుపత్రి మంగళవారమునాటి పని యనుకొనెను. మనస్సు కుప్పకూలిన మనిషి కోసము మన సమాజము కట్టని దారి ఏదో ఆ ముగ్గురి మాటల నడుమనున్న ఖాళీలో కానవచ్చుచున్నది. గుండెకు ఏ దారి కలదో, మనస్సునకును ఆ దారియే కావలెను. వేరు దారి కాదు, వేరు ఊరు కాదు, వేరు వారము కాదు. నేను చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

ఈ మాట నా ఊహ కాదు, శాసనము. 2017లో పార్లమెంటు ఆమోదించి, మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము తన 21వ విభాగమున, మనోవ్యాధికి లభించు అత్యవసర సేవలు శరీరవ్యాధికి లభించువానితో గుణమునను లభ్యతయందును సమానముగా నుండవలెననియు, అంబులెన్సు వాడుకొను హక్కు మనోరోగికిని తక్కినవారితో సమానమనియు స్పష్టముగా పలికినది. 94వ విభాగము ఇంకను ముందునకు పోయి, ప్రాణమునకో ఆరోగ్యమునకో తీరని హాని కలుగనున్నప్పుడు, రోగి తనకు గాని ఇతరులకు గాని తీవ్రమైన కీడు చేయనున్నప్పుడు, రిజిస్టరైన వైద్యుడెవరైనను, మనోవైద్య నిపుణుడు కానక్కరలేదు, రోగి తరఫున నియమితుడైన ప్రతినిధి దగ్గరనున్నచో ఆయన సమ్మతిపై, డెబ్బదిరెండు గంటలవరకు అత్యవసర చికిత్స చేయవచ్చుననియు, దగ్గరి మానసిక ఆరోగ్యకేంద్రమునకు రోగిని చేరవేయుటయు ఆ చికిత్సలో భాగమేననియు చెప్పుచున్నది. 100వ విభాగము ప్రకారము, మనోవ్యాధివలన తనకో ఇతరులకో ప్రమాదకరుడుగా తోచిన మనిషిని రక్షణలోనికి తీసికొనుట స్టేషను అధికారి విధి. అట్టివానిని లాకప్పులోనో జైలులోనో ఉంచరాదు. వీలైనంత త్వరగా, ఇరువదినాలుగు గంటలు దాటకుండ, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. అనగా ఆ రాత్రి మా కెదురైన కుర్ర డాక్టరు చికిత్స మొదలుపెట్టవచ్చును; ఆ కానిస్టేబులు “నేరమేమి?” అని అడుగవలసిన పని లేదు. వారికి ఆ సంగతి చెప్పినవారు లేరు. చట్టము దిల్లీలో పుట్టి ఏండ్లు గడచినను, మా మండలపు స్టేషను గోడమీదికి ఒక కాగితమై యింకను రాలేదు.

ఇట్లు జరుగుటకు చరిత్రలో ఒక వేరు కలదు. ఆంగ్లేయుల నాటి 1912వ సంవత్సరపు లూనసీ చట్టము మనోరోగిని సమాజమునుండి తొలగించి ఉంచవలసిన వానినిగా చూచెను. మేజిస్ట్రేటు ఉత్తరువు, పోలీసు బందోబస్తు, ఊరి వెలుపలి ఎత్తైన గోడ, ఇవి దాని సాధనములు. స్వతంత్ర భారతము దానిని మార్చుకొనుటకు 1987వరకు, హక్కుల భాషలో తిరిగి వ్రాసికొనుటకు 2017వరకు పట్టినది. శాసనము మారినను అలవాటు మారలేదు. అందువలననే నేటికిని మనకు మనోవ్యాధి యనగా మొదట స్మరణకు వచ్చునది మన జిల్లా ఆసుపత్రి కాదు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నమున చినవాల్తేరు. ఎందరికో స్వస్థత నిచ్చి ఇంటికి పంపిన ఆ రెండు స్థలముల పేర్లను మనము తిట్లుగా మార్చికొంటిమి; సినిమాలలో నవ్వులకు వాడుకొంటిమి; బడిపిల్లలు సైతము ఒకరినొకరు అక్కడికి పంపించెదమని వెక్కిరించుకొందురు. నవ్విన ప్రతి నవ్వును అర్ధరాత్రి ఒక యింటి వాకిట దీపము ఆర్పుటకు తోడ్పడుచున్నది. పేరు వినిననే తల దించుకొనవలసిన చోటికి, ఆదిలాబాదు నుండి సుమారు మూడువందల కిలోమీటర్లు, రాత్రివేళ, చేతులు కట్టబడిన బిడ్డతో ఏ తల్లి పోగలదు?

వైద్యులు తక్కువ యనుట నిజమే. మన దేశమున లక్షమందికి ఒక్క మనోవైద్యుడైనను లేడు. లెక్క ముప్పాతికయొద్ద నిలిచియున్నది. బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవారిలో నూటికి పదిమందికి మించి ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నారనియు, వ్యాధినిబట్టి నూటికి డెబ్బదినుండి తొంబదిరెండు మందివరకు చికిత్స అందక యున్నారనియు తేల్చినది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణము లేదు. మన దుఃఖము ఎంతయో తూచిన త్రాసు నాడు మన గుమ్మమువరకు రాలేదు. వైద్యులను ఒక్కరోజున పుట్టింపజాలము. కాని చట్టము ఆ మొదటి డెబ్బదిరెండు గంటలకు మనోవైద్యుడే కావలెనని కోరలేదను సంగతి ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అత్యవసర విభాగములోని ఎంబీబీఎస్ వైద్యుడు చాలును. అయితే అతనికి ధైర్యము కావలెను, ఆ ధైర్యమునకు శిక్షణ కావలెను. వైద్యవిద్యలో మనోవైద్యమునకు వేరుగా పరీక్ష లేదు. సాధారణ వైద్యశాస్త్రపు పరీక్షలో అదియొక చిన్న భాగము మాత్రమే. పరీక్షలో అడుగని దానిని విద్యార్థి ఎంతవరకు చదువునో మనకందరకును తెలియును. అట్టివానిని శనివారము రాత్రి ఒంటరిగా కూర్చుండబెట్టి, భయపడినాడని దూరుట ధర్మము కాదు.

ఇక ప్రాణము తీసికొనబోయి బ్రతికి బయటపడినవారి సంగతి. 2022వ సంవత్సరమున దేశములో 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేరగణాంకముల సంస్థ లెక్క. ప్రయత్నించి బ్రతికినవారు అంతకు ఎన్నో రెట్లు. వీరిని ఆసుపత్రికి తెచ్చు కుటుంబమునకు రోగముకన్న కేసు భయము పెద్దది. 1860నాటి శిక్షాస్మృతిలోని 309వ విభాగము ఆత్మహత్యాప్రయత్నమును ఏడాదివరకు జైలుశిక్షకు తగిన నేరముగా నిలిపినది. 2017 చట్టపు 115వ విభాగము, అట్టి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని భావింపవలెను, శిక్షింపరాదు, ప్రభుత్వము అతనికి చికిత్సయు పునరావాసమును కల్పింపవలెను అని ఆ కోరను విరిచినది. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాత విభాగమే లేదు. ప్రభుత్వోద్యోగిని విధినుండి ఆపుటకో, ఏదైన చేయించుటకో ప్రాణత్యాగమునకు పూనుకొను సందర్భము మాత్రమే నేరముగా మిగిలినది. అత్యవసరస్థితిలో వచ్చిన రోగికి పోలీసు కాగితములకై వేచియుండక చికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పియున్నది. అయినను నేటికి మన ఊళ్ళలో తండ్రులు కంపౌండరు చెవిలో, “చూసుకోక తాగాడని రాయండి బాబూ” అని బ్రతిమాలుకొనుచున్నారు. ఆ యొక్క అబద్ధముతో ఏమగునో చూడుడు: వైద్యుడు శరీరమును బాగుచేయును, మనస్సును అడుగడు, అడుగుటకు కాగితముపై కారణము లేదు గనుక, మూడవనాడు రోగి ఇంటికి పోవును, తనను అక్కడికి తెచ్చిన దుఃఖమును తనతోడనే మోసికొని పోవును.

ఒకమారు ప్రయత్నించినవాడు మరల ప్రయత్నించు ప్రమాదము అధికమనియు, ఆసుపత్రి విడిచిన తరువాతి వారములు కఠినమైనవనియు ఈ రంగమున పనిచేయు ప్రతివారును ఎరుగుదురు. అట్టివారికి ఏమి చేయవచ్చునో తెలియనిదియు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన చెన్నపట్టణముతో కలిపి ఐదు దేశములలోని ఐదు చోట్ల ఒక పరిశోధన చేయించి, 2008లో ఫలితములు ప్రకటించెను. అందులో చేసినది అతిస్వల్పము: ఆసుపత్రినుండి పంపుటకు ముందు ఒక గంటసేపు రోగితో మాట్లాడుట, అటుపిమ్మట పదునెనిమిది నెలలలో తొమ్మిది మారులు ఫోనుచేసియో ఇంటికి పోయియో “ఎట్లున్నావు?” అని అడుగుట. మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో ఆత్మహత్యతో మరణించినవారు వేయికి ఇరువదియిద్దరు కాగా, ఈ పలకరింపు పొందినవారిలో వేయికి ఇద్దరే. ఇందుకు ఖరీదైన యంత్రము అక్కరలేదు, దిగుమతి మందు అక్కరలేదు. ఒక ఫోను, ఒక జాబితా, దయగల ఒక గొంతు. పల్లెలలో ఆశా కార్యకర్తలును, ఏ.ఎన్.ఎం.లును ఉన్న మన రాష్ట్రములకు ఇది అందని పండు కాదు. గర్భిణిని నెలనెలయు పలకరించుట నేర్చిన వ్యవస్థ, చావుగడపనుండి తిరిగివచ్చిన మనిషిని తొమ్మిది మారులు పలకరింపలేదా?

మన జనులు మొదట తాయెత్తు కట్టువాని యొద్దకో, గాలి చేష్ట యని చెప్పు భూతవైద్యుని యొద్దకో, దర్గాకో, గుడికో, ప్రార్థనాకూటమునకో పోవుదురని చదువుకొన్నవారు విసుగుకొందురు. ఆ దారిలోని ప్రమాదము నాకు తెలియక కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, ఒక ప్రైవేటు ఆశ్రయమున గొలుసులతో కట్టివేయబడిన మనోరోగులు, నిప్పంటుకొనినప్పుడు కదలలేక ఇరువదియెనిమిదిమంది దగ్ధమైరి. ఆ గొలుసులను ఈ దేశము మరువరాదు. కాని విసుగుకొనుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: జనులు అక్కడికే ఏల పోవుదురు? అక్కడ రాత్రి తలుపు మూయరు. కాగితము అడుగరు. మంగళవారము రమ్మనరు. తల్లిని బయట నిలువుమనరు; ఆమెయు రోగితోడనే పడుకొనవచ్చును. తమ బిడ్డకు కలిగినది ఏమో ఆమెకు తెలిసిన మాటలలో ఎవరో ఒకరు చెప్పుదురు. ఈ గుణములలో ఒక్కటియైనను మన ఆసుపత్రులు నేర్వజాలనిది కాదు. గుజరాతులోని మీరా దాతార్ దర్గాలో ముజావర్లును మనోవైద్యులును ఒకేచోట కూర్చుండి, దువాతో పాటు దవాయు ఇచ్చు ఏర్పాటు చేసికొనిరి. విశ్వాసమును అవమానింపకయే రోగిని వైద్యునియొద్దకు నడిపించు వంతెన అది. మన సీమలోను అట్టి వంతెనలు కట్టవచ్చును.

2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము టెలి-మానస్ అను సేవను నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి, తెలుగులో, శిక్షణ పొందినవారితో మాట్లాడవచ్చును. ఇది మేలైన పని; ఈ సంఖ్య ప్రతి యింటి గోడమీదను, ప్రతి హాస్టలు మెట్లయొద్దను వ్రాయదగినది. విశాఖపట్నమున జరిగిన ఒక విద్యార్థిని మరణమును గూర్చిన వ్యాజ్యములో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటి విద్యాసంస్థలకు మార్గదర్శకములు విధించుచు, నూరుమంది విద్యార్థులున్నచోట శిక్షణ పొందిన కౌన్సిలరు ఒకరైనను ఉండవలెనని, సహాయపు ఫోను సంఖ్యలు హాస్టళ్ళలో అందరికి కనబడునట్లు వ్రాయవలెనని చెప్పినది. ర్యాంకుల కొరకు పిల్లలను గదులలో కూరి చదివించు మన రెండు రాష్ట్రములు ఈ మాటను అందరికన్న ముందుగా చెవినిడవలెను. అయితే ఫోనులోని గొంతు ఎంత చల్లనిదైనను, మూడు రాత్రులు నిద్రలేని మనిషిని ఆ గొంతు మోసికొని పోజాలదు. గొంతు వెనుక బండి ఉండవలెను, బండి పోయి చేరుటకు మంచము ఉండవలెను, ఆ మంచముయొద్ద “నీ పేరేమి నాయనా?” అని అడుగు మనిషి ఉండవలెను. ఈ నాలుగును ఒక గొలుసు. ఒక్క లంకె తెగినను తక్కినవి వ్యర్థము.

కాబట్టి మనము అడుగవలసినది కొత్త చట్టము కాదు, కొత్త భవనము కాదు. జిల్లా ఆసుపత్రులలో పది మంచముల మానసిక విభాగము ఉండవలెనని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఏనాడో చెప్పియున్నది. ఆ పదింటిలో రెండు, అత్యవసర విభాగమునకు ప్రక్కనే, క్రింది అంతస్తులో, సద్దులేని ఒక గదిలో, రేయింబవళ్ళు ఖాళీగా సిద్ధముగా నుంచవలెను. ఏరియా ఆసుపత్రిలోని డ్యూటీడాక్టరుకు ఏ రాత్రియైనను ఫోనులో దొరకు మనోవైద్యుడొకడు జిల్లాకు వంతులవారీగా నియమింపబడవలెను. ఆందోళనలోనున్న మనిషితో ఎట్లు మాట్లాడవలెనో, ఎప్పుడు దగ్గరకు పోవలెనో, ఎప్పుడు దూరముగా నిలువవలెనో అంబులెన్సు సిబ్బందికి నేర్పవలెను. చేత ఆయుధమున్నప్పుడు తప్ప తక్కిన వేళల పోలీసుకై వేచియుండనక్కరలేదని వారికి వ్రాతపూర్వకముగా ఆదేశము కావలెను. 100వ విభాగమును తేటతెలుగులో ఒక పుటకు కుదించి ప్రతి స్టేషనులో రైటరు బల్లకు ఎదురుగా అంటించవలెను. ఆరోగ్యబీమా మనోవ్యాధికిని శరీరవ్యాధితో సమానముగా వర్తింపవలెనని అదే 21వ విభాగము ఆదేశించినది గనుక, కౌంటరువద్ద త్రిప్పిపంపబడిన ప్రతి కుటుంబమును ఆ మాట గట్టిగా అడుగవలెను. మీ జిల్లాలో ప్రభుత్వసేవ లేనందున బయట వైద్యము చేయించుకొనవలసివచ్చినచో ఆ వ్యయము ప్రభుత్వము భరింపవలెనని 18వ విభాగము చెప్పుచున్నదను సంగతియు తెలిసియుండవలెను.

ఇట్లు తలుపులు సులువుగా తెరచినచో, ఆస్తితగాదాలలో అన్నదమ్ములును, వదిలించుకొనదలచిన భార్యను భర్తయు, పిచ్చి ముద్ర వేసి లోపల పడవేయరా యని ఒక భయము కలదు. ఈ భయము న్యాయమైనది. అట్టి అన్యాయములు పూర్వము జరిగినవి. అందుకనియే చట్టము అత్యవసర చికిత్సకు డెబ్బదిరెండు గంటల హద్దు గీచినది; రోగి సమ్మతి లేక చేర్చుకొనవలసి వచ్చినచో ఇద్దరు నిపుణులు వేరువేరుగా పరీక్షింపవలెననియు, మొదటి విడత ముప్పది దినములకు మించరాదనియు, స్త్రీలను, మైనర్లను చేర్చిన మూడు దినములలోగా సమీక్షామండలికి తెలుపవలెననియు నియమించినది. అంతేకాదు, ఆరోగ్యముగా నున్నప్పుడే, రేపు నాకు వ్యాధి తిరుగబెట్టినచో నన్ను ఇట్లు చూడుడు, ఇట్లు చూడవలదు, నా తరఫున మాట్లాడవలసినది ఫలానివారు అని ముందుగా వ్రాసియుంచు హక్కును మైనరు కాని ప్రతివానికి ఇచ్చినది. నిజమునకు, వెలుతురులో తెరచియున్న జిల్లా ఆసుపత్రి తలుపుకన్న, కాగితము లేక గొలుసు వేయు చాటుగదియే స్వేచ్ఛకు పెద్ద శత్రువు. మొదటిది లేనిచోటనే రెండవది వర్ధిల్లును.

ప్రభుత్వము చేయవలసినది ఇంత యుండగా ఇంటివారు చేయదగినదియు కొంత కలదు. ఆ గడియలో వాదింపవద్దు. గొంతులు లేవని నిరూపింపబోవద్దు. “నీకు భయమేస్తోంది, నేను ఇక్కడే ఉన్నాను” అనుట చాలును. చుట్టుప్రక్కలవారు గుమిగూడకుండ చూడవలెను. హాని కలిగించు వస్తువులను చేతికి అందనిచోటికి మార్చవలెను. పొలమునకు తెచ్చిన మందులు సదా తాళముక్రింద నుండవలెను. చనిపోవలెనని ఉన్నదా యని నెమ్మదిగా, సూటిగా అడుగుటకు జంకవద్దు. అడిగినందున ఆ తలంపు పుట్టదు, చాలమందికి ఎవరో ఒకరు అడిగినందుకే గుండె బరువు తగ్గును. ఒంటరిగా విడువవద్దు. 14416కో, 108కో ఫోను చేయవలెను. వచ్చినవారితో జరిగినది జరిగినట్లు చెప్పవలెను.

మొన్నటి వేసవిలో మా అత్తగారి వీధిలోనే మరియొక యింట, డిగ్రీ చదువుచున్న ఒక పిల్లవానికి ఇట్టి రాత్రియే వచ్చినదట. ఏడుపు విని ఆమె లేచి చూచుసరికి ఆ యింట వాకిటి లైటు ఆర్పియున్నది. డెబ్బదియేండ్ల ఆ మనిషి చీకటిలో వీధి దాటి పోయి, తలుపు తట్టి లోనికి అడుగిడి, ముందుగా ఆ పిల్లవానిని పేరుపెట్టి పిలిచి ప్రక్కన కూర్చున్నదట. పిమ్మట వాని తల్లితో, “లైటు వేయమ్మా, బండివాళ్ళకి ఇల్లు తెలియొద్దూ?” అనినదట. ఆ మాట మా మరది నాకు ఫోనులో చెప్పినప్పుడు నేను చాలసేపు ఏమియు మాటలాడలేకపోయితిని. సిగ్గును జయింపవలసిన భారము ఎవరిమీద నున్నదో, వారు తమ వంతు నెరవేర్చిరి. ఆ వీధిలో దీపము వెలిగినది. ఆ వెలుతురులో వచ్చి ఆగిన బండి, ఆ పిల్లవానిని ఎక్కించుకొని, ఆ రాత్రియే, ఏ తలుపుయొద్దకు పోవలెను? ఈ ప్రశ్నకు ప్రతి జిల్లాలోను ఒక చిరునామా చెప్పవలసినవారు పాలకులు. చెప్పువరకు అడుగవలసినవారము మనము.